మొలక వచ్చేదాకే ఇల్లు

(కందుకూరులో ఇంటి తోటలు పెంచుకునేవాళ్లు కూడినప్పుడు ఒక రిటైర్డ్ టీచరు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? మధ్యలో కరెంటు పోయినా ఏం ఫర్లేదు, 31 ఏళ్లు లెక్కలు చెప్పిన గొంతు ఇది, మైకు లేకపోయినా ఆగదు.

ఇంట్లో నారు పెంచడం గురించి మాట్లాడమన్నారు. ఆ మాట చెబితే మా మరిది నవ్వాడు. "నారు మడిలో పోస్తారు గానీ ఇంట్లో ఏంది వదినా?" అన్నాడు. ఆయన నవ్వడంలో తప్పేం లేదు. ఈ ఇంట్లో నారు పెంచే పద్ధతిని ఇప్పుడు మనం ఫోన్లో చూసి నేర్చుకుంటున్నాం. ఆ వీడియోలు చేసేవాళ్లు చలిదేశాలవాళ్లు. వాళ్లకు బయట మంచు పడుతుంటుంది, గింజ బయట పెడితే గడ్డకట్టి పోతుంది. అందుకని ఇంట్లో పెట్టి, కింద వేడి పరుపు వేసి, పైన లైట్లు కట్టి నారు పెంచుతారు. ఒకావిడ నిజంగానే నన్నడిగింది, ఆ వేడి పరుపు ఒంగోల్లో దొరుకుతుందా అని. అమ్మా, రోహిణి కార్తెలో మన మిద్దె మీదకు చెప్పుల్లేకుండా ఎక్కి చూడు, అదే వేడి పరుపు అన్నాను.

మన ఇబ్బందులు వేరు. ఆగస్టులో ఎండకు గింజ ఉడికిపోతుంది. అక్టోబరులో వానకు గింజ కొట్టుకుపోతుంది. మిగిలింది చీమలు మోసుకుపోతాయి. కాబట్టి మనకూ ఇల్లు కావాలి, కాకపోతే చాలా కొద్దిరోజులకే. ఎన్నాళ్లకు అన్నది తెలియక నేను మొదటి ఏడాది మొత్తం నారు పోగొట్టుకున్నాను. ముందు అది చెబుతాను.

మాది ఉలవపాడు పోయే దారిలో 40 సెంట్ల దొడ్డి. రిటైరైన ఏడాది ఉత్సాహం కొద్దీ నాలుగు ప్రోట్రేలు, అవే నారు పెంచే గుంటల ప్లాస్టిక్ ట్రేలు, కొని టమాటా, మిరప, వంగ, కాబేజీ వేశాను. వంటింటి పక్క గదిలో బల్ల మీద పెట్టాను. పిల్లి రాదు, ఎండ తగలదు, వాన పడదు, చాలా భద్రమనుకున్నాను. నాలుగో రోజుకు కాబేజీ, ఆరో రోజుకు టమాటా మొలిచాయి. ఎంత సంబరమో. మా వారిని నిద్రలేపి మరీ చూపించాను. ఇంకో మూడు రోజులు పోయాక చూస్తే ఒక్కో మొలక బెత్తెడు పొడుగు, దారమంత సన్నం, తెల్లగా, అన్నీ కిటికీ వైపు వంగి నమస్కారం పెడుతున్నాయి. నీళ్లు చిలకరిస్తే ఆ బరువుకే పడిపోయాయి. ఎరువు చాలలేదేమో అనుకుని ఇంకాస్త వర్మీకంపోస్టు వేశాను. ఆకలేసినవాడికి దుప్పటి కప్పినట్టు.

వాటికి కావలసింది వెలుతురు. మన కంటికి గది వెలుతురుగానే ఉంటుంది, పుస్తకం చదువుకోవచ్చు, బియ్యంలో రాళ్లు ఏరుకోవచ్చు. మొక్కకు మాత్రం అది చీకటి కిందే లెక్క. పైన ఎక్కడో వెలుతురుందని వెతుక్కుంటూ ఉన్న బలమంతా పెట్టి కాండాన్ని సాగదీస్తుంది. అలా సాగినదాన్ని మళ్లీ కురచ చేయలేం. టమాటా అయితే కాస్త నయం, నాటేటప్పుడు కాండాన్ని లోతుగా పూడిస్తే మట్టిలో ఉన్నంత మేరా వేర్లు పుట్టుకొస్తాయి. మిరప, కాబేజీ అలా కోలుకోవు.

గింజ మొలవడానికి వెలుతురు అక్కర్లేదు. మన కూరగాయల్లో చాలావాటికి తడి, గాలి, కాస్త వెచ్చదనం ఉంటే చాలు. టమాటాకు, మిరపకు 25 నుంచి 30 డిగ్రీలు హాయి. 35 దాటితే టమాటా మొలవడం బాగా తగ్గుతుంది. మన ఇళ్లల్లో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పగలంతా 30 దగ్గర నిలకడగా ఉండే చోటు ఏది? మంచం కింద. నవ్వకండి, నేను థర్మామీటరు పెట్టి చూశాను. నర్సరీల వాళ్లు చేసేదీ ఇదే. గింజలు వేసిన ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి, మూడు నుంచి ఆరు రోజులు కదపకుండా ఉంచుతారు. మొలక కనబడగానే దింపి నీడనిచ్చే నెట్ కిందకు చేరుస్తారు. ఆ దింపడం ఒక్క రోజు ఆలస్యమైతే వాళ్లకు లక్షల నారు పోతుంది. మనకు పోయేది వందే అయినా లెక్క అదే.

అందుకని ట్రేలు మంచం కిందకు నెట్టాక నేను పొద్దునా సాయంత్రం వంగి చూస్తాను. కాబేజీ, కాలీఫ్లవర్‌కు మూడో రోజు నుంచే చూడాలి. టమాటాకు ఐదో రోజు, వంగకు ఏడో రోజు. మిరపకు ఎనిమిది నుంచి పన్నెండు రోజులు ఓపిక పట్టాలి. ముందు ఆకు కనబడుతుందని చూస్తూ కూర్చోకండి. ముందు వచ్చేది మెడ. మట్టిని పైకెత్తుతూ తెల్లగా, వంకీలాగా, గుండుసూదిని వంచి గుచ్చినట్టు ఒకటి పైకొస్తుంది. ట్రేలో అలాంటి వంకీలు పది కనబడ్డాయంటే ఆ పూటే బయటకు తేవాలి. రేపు తెద్దాం, ఈ రోజు పెళ్లికి పోవాలి అంటే కుదరదు. నేను ఒకసారి కావలిలో పెళ్లికి పోయి రాత్రికి రాలేక, పక్కింటి అమ్మాయికి ఫోన్ చేసి తాళం పగలగొట్టించి ట్రేలు బయట పెట్టించాను. పాత తాళంలే.

బయట అంటే నడి ఎండలో కాదు. తూర్పు వసారా ఉంటే అంతకు మించింది లేదు. పొద్దున పది దాకా ఎండ పడుతుంది, తర్వాత నీడ. వసారా లేనివాళ్లు మిద్దె మీద 50 శాతం ఎండను ఆపే గ్రీన్ నెట్ కట్టుకోండి. తోటలో నాటడానికి ఇంకో వారం ఉందనగా నెట్ తీసేసి, నీళ్లు తగ్గించి, రోజు రోజుకూ ఎండ పెంచాలి. అది చేయకుండా నీడలో పెరిగినదాన్ని తీసుకెళ్లి ఎండలో నాటితే ఆకులు కాగితాల్లా తెల్లబడతాయి. చోటు మారితే ఎవరికైనా కాస్త అలవాటు పడాలి కదా. మన కందుకూరునే చూడండి, 1970లో నెల్లూరు జిల్లా మడిలోంచి పీకి ఒంగోలు జిల్లా, అదే తర్వాతి ప్రకాశం జిల్లా, మడిలో పెట్టారు, 2022లో మళ్లీ నెల్లూరు మడిలో నాటారు. ఆ తర్వాత కూడా అడ్రసు రాసేటప్పుడు నాకు చెయ్యి ప్రకాశం అనే రాసేది.

చీమల సంగతి. తోటకూర, వంగ లాంటి చిన్న గింజల్ని రాత్రికి రాత్రి మోసేస్తాయి. ట్రేలు పెట్టిన బల్ల నాలుగు కాళ్ల కింద నాలుగు కొబ్బరి చిప్పలు పెట్టి నీళ్లు పోయండి. అంతే. పసుపు గీతలు, సుద్దముక్క గీతలు వానగాలికి నిలవవు. ఉడతకు, కోడికి మాత్రం వల తప్ప మందు లేదు.

ఇప్పుడు మట్టి. నిజానికి ట్రేలో మట్టి వేయం. కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి. ఇవన్నీ కలిపి తడిపి వారం రోజులు గోనెసంచి కప్పి ఉంచుతాను. వేపపిండి పచ్చిగా ఉంటే వేడెక్కి లేత వేళ్లను కాలుస్తుంది. 98 గుంటల ట్రేకు ఈ పొట్టు కిలో పైచిలుకు పడుతుంది. పిడికిట్లో గట్టిగా పిండితే వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే తడెక్కువ, ఒక్క చుక్కా రాకపోతే తక్కువ.

కొబ్బరిపొట్టు ఇటుకల్లో ఉప్పుంటుంది. కడిగి వాడమని అందరూ చెబుతారు. నేనూ కడిగాను, రెండుసార్లు. దేంతో? మా బోరు నీళ్లతో. సింగరాయకొండ, ఉలవపాడు వైపు నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పబోయేది అప్పుడే అర్థమైపోయినట్టుంది, నవ్వుతున్నారు. ఉప్పును ఉప్పునీళ్లతో కడిగాను. మొలకలు వచ్చాయి, రెండాకులు విచ్చుకున్నాయి, తర్వాత ఆకుల అంచులు మాడడం మొదలైంది. ట్రే పైన తెల్లగా పొరలాగా తేలింది. తెగులనుకుని మందు కొట్టాను. చివరికి మా అబ్బాయి వచ్చి ఆ తెల్ల పొర నాలుకకు రాసుకుని, "అమ్మా, ఇది ఉప్పు" అన్నాడు. అప్పటినుంచి మొదట రెండు కడుగులు బోరు నీళ్లతో, ఆఖరు కడుగు మాత్రం మంచినీళ్లతో. నారుకు పోసేది కూడా వాననీళ్లో, తాగే క్యాన్ నీళ్లో. ఒక ట్రేకు రోజుకు లీటరు కూడా పట్టదు, మరీ ఖర్చేం కాదు. తోటలో నాటి మొక్క నిలదొక్కుకున్నాక బోరు నీళ్లను కొంత ఓర్చుకుంటుంది, పసితనంలో ఓర్చుకోదు.

నీళ్ల దగ్గర ఇంకాసేపు ఆగుతాను. మనలో నారును ఎండబెట్టి చంపేవాళ్లు తక్కువ, ప్రేమతో ముంచి చంపేవాళ్లే ఎక్కువ. నారుకుళ్లు తెగులు ఎంతమంది చూశారు? చేతులెత్తండి. సగానికి సగం. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక పొద్దునకల్లా పక్కకు పడిపోయి ఉంటుంది. ఆకులు పచ్చగానే ఉంటాయి, అందుకే మనకు ఏం జరిగిందో అర్థం కాదు. కిందికి వంగి చూస్తే కాండం మట్టిని తాకే చోట నీరు పట్టి, నొక్కేసినట్టు సన్నబడి ఉంటుంది. ఒక మూల మొదలై, తడి మట్టిలో పాకుతూ మూడు రోజుల్లో ట్రే అంతా తుడిచిపెట్టేస్తుంది. అది బూజు జాతి. ఒత్తుగా గింజలు, గాలాడని చోటు, ఆరని తడి, ఈ మూడూ కలిస్తే దానికి పండగే.

అందుకని గుంటకు ఒక్క గింజే. గింజ మందానికి రెండింతల లోతు, అంతకు మించొద్దు. నీళ్లు పొద్దున పూటే పోయాలి, సాయంత్రం పోస్తే రాత్రంతా తడి ఆరదు. పోయాలా వద్దా అన్నది వేలు పెట్టి చూడక్కర్లేదు, ట్రేను ఒక పక్క ఎత్తి చూడండి. నాలుగు రోజులు ఎత్తితే బరువు చేతికే తెలిసిపోతుంది. తేలిగ్గా లేస్తే పోయండి, బరువుగా ఉంటే రేపు చూద్దాం అనుకోండి. పొట్టు కలిపేటప్పుడే ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే బూజు పొడి చేర్చుకుంటే చాలావరకు ముందుజాగ్రత్త. తెగులు కనబడ్డాక అయితే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీళ్లకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి. మందు వాడనంటారా, మీ ఇష్టం. పడిపోయిన గుంటలతో పాటు చుట్టూ ఇంకో రెండు వరసలు కూడా పీకి పారేయండి. జాలిపడితే మొత్తం పోతుంది.

ఎన్ని గింజలు వేయాలి? నా సబ్జెక్టు వచ్చింది. టమాటా గింజలు గ్రాముకు సుమారు 300. కొట్లో 10 గ్రాముల ప్యాకెట్ ఇస్తారు, అంటే 3000 గింజలు. ఇంటికి కావలసింది 40 మొక్కలు. విత్తన ప్రమాణాల ప్రకారం టమాటా నూటికి 70 మొలవాలి, మిరపకు 60 చాలు. 40 మొక్కలకు 70 శాతం లెక్కన 57 గింజలు, నారులో పోయేవి, నాటాక పోయేవి కలుపుకుంటే 70. అంటే పావు గ్రాము. ఆ ప్యాకెట్ నలుగురు కలిసి కొనుక్కోండి. కొనేముందు దాని మీద పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుందో చూడండి. నాకు ఒక కొట్టాయన ఎర్రగడ్డ, అదే ఉల్లి, విత్తనం ఇచ్చాడు, నేనూ చూసుకోలేదు, 98 గుంటలకు 11 మొలిచాయి. ఎర్రగడ్డ గింజకు ఆయుష్షు ఏడాదే. వంగ, టమాటా అయితే సరిగ్గా దాస్తే మూడు నాలుగేళ్లు ఉంటాయి. అనుమానముంటే పది గింజలు తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి చూడండి, ట్రే నింపే శ్రమ తప్పుతుంది.

అన్నిటికీ నారు పోయక్కర్లేదు. బెండ, గోరుచిక్కుడు, ముల్లంగి, ఆకుకూరలు నేరుగా తోటలోనే. సొర, కాకర, దోస లాంటి పాదులకు వేరు కదిపితే కోపం. వానకు భయపడితే పేపరు కప్పుల్లో వేసి, రెండు మూడు ఆకులు రాగానే కప్పు అడుగు చించి కప్పుతో సహా పెట్టేయండి.

పండ్లు. మామిడి, సపోటా గింజ నాటి ఎదురుచూడకండి. మామిడికి పేరుపడ్డ ఉలవపాడు పక్కన ఉండి మనం ఆ పని చేయడమేంటి? అంటు మొక్క కొనుక్కోండి. నిమ్మ మాత్రం గింజతో బాగా వస్తుంది, పొదలకూరు వైపు తోటల్లో గింజ మొక్కలే బోలెడు. కాకపోతే నిమ్మగింజ ఎండితే చచ్చిపోతుంది, పండు కోసిన రోజే కడిగి వేయాలి. ఒక గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి, కంగారు పడకండి, దాని తీరే అంత. బలమైనది ఉంచి మిగతావి గిల్లేయండి.

బొప్పాయి గింజ చుట్టూ జిగురు సంచి ఉంటుంది. ఆ జిగురు మొలకను ఆపుతుంది. పండు లోపలే గింజలు మొలవకుండా అదొక ఏర్పాటు. గింజల్ని గుప్పెడు బూడిదలో వేసి అరచేతుల మధ్య రుద్దితే చిటుక్ చిటుక్‌మని సంచులు పగిలి నల్లటి గరుకు గింజ బయటపడుతుంది. కడిగి నీడన ఆరబెట్టి నారు పెంచే ప్లాస్టిక్ సంచుల్లో వేయండి. మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, పది రోజులకే తవ్వి చూసేవాళ్లున్నారు, నేనూ చూసినదాన్నే. నాటు బొప్పాయిలో ఆడ, మగ వేరువేరు చెట్లు. గుంటకు మూడు మొక్కలు పెట్టి, పూత వచ్చాక ఆడది ఒకటి ఉంచి, పది పదిహేను చెట్లకు ఒక మగది వదలాలి. బొప్పాయి మొదట్లో ఒక రోజు నీళ్లు నిలిచినా కుళ్లిపోతుంది. అందుకని నేను నవంబరులో గింజ వేసి, వసారాలోనే వానలు దాటించి, సంక్రాంతి తర్వాత మట్టి దిబ్బ చేసి నాటుతాను.

వానలు అనగానే ఎప్పుడు వేయాలన్నది వస్తుంది. తెలంగాణవాళ్ల క్యాలెండరు మనకు పనికిరాదు. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. నేను మిరప, వంగ ఆశ్లేష కార్తెలో, అంటే ఆగస్టు మొదటి వారంలో వేస్తాను. వంగ 30 నుంచి 35 రోజులకు, మిరప 40 రోజులకు నాటుకొస్తుంది. ఆ లెక్కన సెప్టెంబరు మధ్యకు రెండూ తోటలో ఉంటాయి, పెద్ద వానలొచ్చేసరికి వేరు పట్టుకుంటాయి. టమాటా, కాబేజీలకు 25 నుంచి 30 రోజులు చాలు. టమాటా మాత్రం రెండు విడతలు. ఉత్తర కార్తెలో, అంటే సెప్టెంబరు మధ్యలో ఒకటి, నవంబరు మొదట్లో ఇంకొకటి.

రెండో విడత ఎందుకో 2023లో తెలిసింది. ఆ డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా దొడ్డిలో టమాటా అప్పటికి పిందె మీద ఉంది. రెండు రోజులు మోకాలి లోతు నీళ్లు. నీళ్లు తీశాక చెట్లు బాగానే కనిపించాయి, బతికాయి అనుకున్నాం. మూడో రోజు ఎండ కాసేసరికి మొత్తం వాడిపోయి నిలువునా చచ్చాయి. వేళ్లు అప్పటికే కుళ్లాయి, ఎండ వచ్చేదాకా బయటపడలేదు. తుపాను రాత్రి మేం ట్రేలన్నీ హాల్లోకి చేర్చి, అన్నం తినే బల్ల మీద, టీవీ మీద, ఫ్రిజ్ మీద పెట్టాం. కరెంటు లేదు. రెండు రోజులకే నా మొదటి ఏడాది మొక్కల్లాగా కిటికీ వైపు వంగడం మొదలుపెట్టాయి. వాన వెలిసిన పూటే వసారాలో పెట్టాం, వారానికి సర్దుకున్నాయి. నేల ఆరాక డిసెంబరు మధ్యలో నాటినవి, ఫిబ్రవరిలో కాయలిచ్చాయి.

ప్రశ్నలుంటే అడగండి. ఏమ్మా? ఆకుముడతా? టమాటాలోనా? అది తెల్లదోమ తెచ్చే వైరస్. నారు దశలోనే అంటితే ఆ చెట్టు కాయదు, మందు లేదు. మామూలు దోమతెర కప్పితే సరిపోదు, దాని కన్నాల్లోంచి తెల్లదోమ దూరిపోతుంది. 40 మెష్, అంటే అంగుళానికి 40 కన్నాలున్నది గానీ, అంతకంటే సన్నటిది గానీ నైలాన్ వల అడగండి.

ఆ పెద్దాయన ఏదో అడుగుతున్నారు. సొంత విత్తనం. చేయొచ్చండీ, ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉన్నది మాత్రం వద్దు, పిల్లలు తల్లిలాగా రావు. మా అత్తగారు సొరగింజలు పేడలో పొదిగి గోడకు కొట్టేవారు, వంగగింజలు బూడిదలో కలిపి ముంతలో పెట్టేవారు. పురుగు పట్టకుండా, తడి తగలకుండా. ఆ ముంత ఇప్పటికీ ఉంది, నేనూ అందులోనే పెడతాను. ఆవిడ వంగ రకం పేరేంటంటే ఆవిడకూ తెలియదు, మేం తెల్లచారల వంకాయ అంటాం. ఆ మూల బల్ల మీద పొట్లాలు కట్టి పెట్టాను, ఒక్కో పొట్లంలో 20 గింజలు. ఇంటికి ఒకటి తీసుకోండి. ఏ కార్తెలో వేయాలో పొట్లం మీద రాసే ఉంది. మంచం కింద పెట్టాక మాత్రం పెళ్లిళ్లు ఒప్పుకోకండి.